సున్నా నంబరు తెర

నయీంనగర్ నాలా రోడ్డెక్కింది.
భీమారంల నేను, కొత్తవాడల ఆ కంప్యూటరు,
మధ్యన మోకాలిదాకా ఎర్రనీళ్లు.
తెల్లారి తొమ్మిదింటికి నూలు అద్దకానికి పోవాలె,
దర్రీ నమూనా మాత్రం పెట్టెల ఇరుక్కుంది.

ఆడెపు సారవ్వ ఫోన్ల అరిచింది:
"బాణం కదుల్తది గని పని కాదు బిడ్డా.
ఏది నొక్కినా గడియారం తిరుగుతది."

ముందు ఇరవై రెండో నంబరు తలుపు తట్టిన.
తాళంచెవి నా దగ్గరే ఉంది, రెండేండ్ల కింద నేనే చేసుకున్నది.
లోపల చీకటి, తెల్లటి అక్షరాలు.
కండ్లు మూసుకొని ఇల్లంతా తడిమినట్టు
ఏ అర ఎక్కడో, ఏది నిండిందో తెలుస్తది గని
సారవ్వ చూస్తున్నది నాకు కానరాదు.
డిస్కుల జాగ లేదు. పాత నమూనాలు పద్నాలుగు వందలు.
పేర్లు చూస్తే
"కొత్తది", "కొత్తది రెండు", "అసలు కొత్తది", "ఇదే".

తర్వాత ఒక్క కిటికీనే పిలిచిన.
అక్కడి గోడకున్న చౌకట్టును ఊడబెరికి
నా గోడకు దిగ్గొట్టినట్టు వచ్చింది.
గీత గీయమని చెప్పిన ప్రతి మాటా
నీళ్లల్ల నడిచొచ్చే మనిషి లెక్క ఆగాగి వచ్చింది.
మూడు గడులకు ఒక చాయ్ అయిపోయింది.

ఇగ మొత్తం తెరనే అడిగిన.
వచ్చింది. బూడిదరంగుల, నున్నగ, ఖాళీగ.
"సారవ్వా, బాణం తిప్పుతున్న, చూడు."
"ఏదీ? ఏం కదుల్తలేదు."
ఊపిన. గుండ్రంగ తిప్పిన.
"లేదు బిడ్డా, నువ్వు ఎవలింట్ల ఉన్నవ్?"

నిజమే.
ఆ పెట్టె నాకోసం ఇంకో తెరను పుట్టించింది, ఒకటో నంబరు.
ఏ అద్దం మీదా పడని వెలుతురు.
అంతసేపు నేను
ఆమె ఇంటికే పోయి, ఆమె లేని అర్రల
తలుపేసుకొని మాట్లాడిన.

ఆమె కూసున్నది సున్నా నంబరు తెర ముందు.
లెక్క మొదలు కాకముందే మనిషి ఉంటదని
ఆ నంబర్లు వేసినోళ్లకు ఎరికేనేమో.
దాన్నే అడిగిన. అక్కడ ఒక ప్రశ్న లేచింది:
రానియ్యాల్నా, వద్దా.
"నొక్కమంటవా?"
"నొక్కు."
"నొక్కినంక నా బాణం నాదేనా?"
దీనికి జవాబు నేను ఎక్కడా చదువలే.
"ఇద్దరిది" అన్న.

గడులు గడులుగ దిగింది కొత్తవాడ.
మారిన గడినే పంపుతది ఈ పద్ధతి, మారనిదాన్ని ముట్టదు.
ఆ మాట చెప్తే సారవ్వ నవ్వింది:
"పోగు తప్పితె మేమూ అంతే, ఆ వరుసదాకనే ఇప్పుతం.
దర్రీ అంతా ఎవలిప్పుతరు?"

పాతవి తుడువబోయిన. బాణం పక్కకు జరిగింది.
గుంజిన. మళ్ల జరిగింది.
ఊరికి ఆ కొసన, రంగు మరకల వేలొకటి
నా మణికట్టు పట్టుకున్నది.
"అది తియ్యకు. ఐలయ్య గీసింది."
మూడు నెమళ్లు. ఒకదానికి తోక సగమే.
ఐలయ్య ఎవరో నేనడుగలే, ఆమె చెప్పలే.
చిట్టాలు తుడిచిన,
యంత్రం తన గురించి తానే రాసుకున్న పదకొండు జీబీల సొద.
జాగ అయ్యింది. నమూనా తెరుచుకుంది.
సారవ్వ ఒక్కో గడి నింపుతుంటే
ఇగ పోవచ్చు నేను. పోలే.

అప్పుడు కొత్తవాడల కరెంటు పోయింది.
ఫోన్ల "పాయె" అన్న మాట.
నా తెర మీద మాత్రం అంతా అట్లనే ఉంది.
ఎర్రగడి అంచున ఆమె బాణం,
గడియారంల పదీ నలభై ఏడు.
బ్యాటరీ డబ్బా కొనుమని ఎన్నడో చెప్పిన అనబోయి,
"దాచినవా?" అన్న.
"ఏమో. నీకు కనిపిస్తున్నదా?"
"ఆఁ."
"అయితె వరుసగ చదువు, కాయితం మీద రాసుకుంట.
ఆగు, దీపం ముట్టిచ్చుకోనీ."

అగ్గిపుల్ల చప్పుడు రెండుసార్లు వినొచ్చింది.
తెర మీద వేలు పెట్టి
పైనుంచి మొదలువెట్టిన:
ఎరుపు నాలుగు, నలుపు ఒకటి, ఎరుపు